అర్థం లేని వాక్యాలు, పిల్లల ఆటభాషలు: భాషాశాస్త్రంలో వాటి చరిత్ర

పరిచయం

వ్యాకరణ పాఠాలు సాధారణంగా అర్థవంతమైన వాక్యాలతో మొదలవుతాయి. "రాముడు రావణుణ్ణి చంపాడు" అన్న ఉదాహరణ లేని తెలుగు వ్యాకరణ పుస్తకం అరుదు. ఈ పాఠంలో మనం తీసుకోబోయే సామగ్రి వేరు. ఒకటి, ఎవరూ ఎప్పుడూ అవసరం కొద్దీ పలకని వాక్యాలు. రెండు, పెద్దవాళ్ళకు అర్థం కాకూడదని పిల్లలు మాటలను విరిచి, మధ్యలో ఏదో ఒక అక్షరాన్ని దూర్చి ఆడుకునే ఆటభాషలు. రెండింటినీ "పిచ్చి మాటలు" అనడం లోకంలో ఉన్నదే.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు వెనక బల్ల మీద కూర్చుని 'క' భాషలో మాట్లాడుకుంటున్నందుకు నాకూ నా పక్కవాడికీ బెత్తం దెబ్బలు పడ్డాయి. తెలుగు పాడైపోతుందన్నది మా మాస్టారి భయం. పన్నెండేళ్ళ తర్వాత ఎం.ఏ. తరగతిలో అటువంటి ఆటనే ఒక భాష అక్షర నిర్మాణానికి సాక్ష్యంగా చూపించిన వ్యాసం చదివినప్పుడు ఆ దెబ్బలే గుర్తొచ్చాయి. ఒకే వస్తువు బడిలో నేరంగానూ విశ్వవిద్యాలయంలో సాక్ష్యంగానూ ఎలా అయింది? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే భాషాశాస్త్ర చరిత్రలో కొంత వెనక్కి వెళ్ళాలి. మనం అనుకునేదానికన్నా చాలా వెనక్కి.

పది దానిమ్మలు, నిప్పుతో తడపడం

అర్థరహిత వాక్యాల చరిత్రను 1957లో అమెరికాలో మొదలుపెట్టడం పాఠ్యపుస్తకాల అలవాటు. అది పొరపాటు. క్రీ.పూ. 2వ శతాబ్దం నాటి పతంజలి మహాభాష్యంలోనే ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. పది దానిమ్మలు, ఆరు అప్పాలు, ఒక కుండ, మేక తోలు అంటూ సాగే జాబితా అది. అందులో ప్రతి మాటకూ అర్థం ఉంది. ఏ మాటలోనూ వ్యాకరణ దోషం లేదు. అయినా అన్నీ కలిసి ఏమీ చెప్పవు. పదాలకు అర్థం ఉన్నంత మాత్రాన సముదాయానికి అర్థం రాదని చూపించడానికి పతంజలి దాన్ని వాడుకున్నాడు.

తరువాతి కాలంలో నైయాయికులు ఈ విషయాన్ని మరింత సూక్ష్మంగా విడదీశారు. 17వ శతాబ్దానికి చెందిన అన్నంభట్టు, ఈయన తెలుగువాడని పండితుల అభిప్రాయం, 'తర్కసంగ్రహం'లో వాక్యార్థ జ్ఞానానికి మూడు హేతువులు చెప్పాడు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసగా అంటే ఒక మాట ఇంకొక మాటను కోరదు. అక్కడ ఆకాంక్ష లేదు. ఒక మాట ఇప్పుడూ మరొక మాట మూడు గంటల తర్వాతా పలికితే సన్నిధి లేదు. నిప్పుతో తడుపుతున్నాడు అంటే మాటల పొందిక సరిగ్గానే ఉంది, కాని తడపగలిగే గుణం నిప్పుకు లేదు. అక్కడ లోపించినది యోగ్యత.

ఈ మూడోదాని మీదే పెద్ద చర్చ జరిగింది. యోగ్యత లేని వాక్యం నుంచి ప్రమాణమైన జ్ఞానం రాదన్నది నైయాయికుల పక్షం. వైయాకరణులు దీనికి ఒప్పుకోలేదు. 18వ శతాబ్దం తొలి భాగం వరకు జీవించిన నాగేశభట్టు తన మంజూషా గ్రంథంలో ఒక పాత శ్లోకాన్ని ఉదాహరించాడు. ఆకాశంలో పూసిన పువ్వులు తల్లో తురుముకుని, తాబేటి పాలలో స్నానం చేసి, కుందేటి కొమ్ముతో చేసిన విల్లు పట్టుకుని గొడ్రాలి కొడుకు వెళ్తున్నాడన్నది దాని భావం. ఇందులో లోకంలో ఉన్న వస్తువు ఒక్కటీ లేదు. అయినా ఆ శ్లోకం వినగానే మనకు బొమ్మ కడుతుంది, నవ్వు వస్తుంది. అర్థం కాకపోతే నవ్వు ఎందుకు వస్తుంది? "అబద్ధం" అని కొట్టిపారేయాలన్నా ముందు అది బోధపడాలి కదా. అర్థం బుద్ధిలో ఏర్పడేదే గాని బయటి వస్తువు కాదని నాగేశుడి వాదం.

మన సాహిత్యంలో దీనికి ఇంకొక పార్శ్వం ఉంది. తెనాలి రామకృష్ణుడి పేర ప్రచారంలో ఉన్న 'మేకతోక' పద్యం మీలో చాలామంది వినే ఉంటారు. ఆ కథ ఎంతవరకు నిజమో పక్కన పెడదాం. గణాలూ యతీ ప్రాసా నిలబెట్టి, అర్థాన్ని మాత్రం గాలికొదిలేసిన పద్యం అది. అది పద్యమని చెవి ఒప్పుకుంటుంది, బుద్ధి ఒప్పుకోదు. నియమం ఒక పొరలో పూర్తిగా ఉండి ఇంకో పొరలో లేకపోవడమనే ఈ స్థితినే ఇరవయ్యో శతాబ్దపు భాషాశాస్త్రం పనిగట్టుకుని తయారుచేసింది.

కొత్త ధాతువులు, పాత ప్రత్యయాలు

పతంజలి మాటలన్నీ అసలైన మాటలే. దీనికి ఎదురు దిక్కున ఇంకొక ప్రయోగం ఉంది: మాటలే లేనివి, కాని వాటికి తగిలించిన ప్రత్యయాలు ఉన్నవి. ఇంగ్లండులో లూయీ కారల్ 1871లో అచ్చయిన తన రెండో ఆలిస్ పుస్తకంలో 'జాబర్‌వాకీ' అనే కవిత పెట్టాడు. నామవాచకాలు, క్రియలు, విశేషణాలు చాలావరకు అతను కల్పించినవే. కారల్ అసలు వృత్తి ఆక్స్‌ఫర్డులో గణితం బోధించడం. గణితం తెలిసినవాడు కాబట్టే ఏది మార్చాలో ఏది ముట్టుకోకూడదో అతనికి తెలుసునని నా ఊహ. సముచ్చయాలు, విభక్తి పనిచేసే చిన్న మాటలు, కాలాన్ని తెలిపే ప్రత్యయాలు, వీటిని అతను ముట్టుకోలేదు.

దీన్ని పాఠంగా మలిచినవాడు రష్యన్ భాషావేత్త లెవ్ షేర్బా. 1920ల చివర్లో లెనిన్‌గ్రాడులో తన విద్యార్థులకు ఒక వాక్యం ఇచ్చి విశ్లేషించమనేవాడు. అందులో ఒక్క ధాతువు కూడా రష్యన్ కాదు. ప్రత్యయాలన్నీ రష్యనే. తర్వాత లెవ్ ఉస్పెన్‌స్కీ 1954లో రాసిన జనరంజకమైన పుస్తకం వల్ల ఆ వాక్యం దేశమంతటా తెలిసింది. ఆడజాతికి చెందిన ఏదో ఒక ప్రాణి మరొక మగ ప్రాణిని ఒక్కసారిగా ఏదో చేసిందనీ, ఇప్పుడు దాని పిల్లను ఇంకేదో చేస్తోందనీ ఆ వాక్యం వినగానే తేలుతుంది.

ఇటువంటిదాన్ని తెలుగులో చేసి చూద్దాం. ఈ వాక్యాన్ని ఈ పాఠం కోసమే కల్పించాను:

"గిమ్మటి జుంబిలి డొబ్బరాన్ని జిటుక్కున దిరికి, దాని పిల్లను నిబుకుతోంది."

ఇప్పుడు కొన్ని ప్రశ్నలు. డొబ్బరాన్ని అన్నది ద్వితీయా రూపం, ప్రథమలో ఏమంటారు? మీరు తడుముకోకుండా "డొబ్బరం" అంటారు. పుస్తకాన్ని అంటే పుస్తకం, తోరణాన్ని అంటే తోరణం. బహువచనం డొబ్బరాలు. రెండు పనుల్లో ఏది ముందు జరిగింది? దిరకడం. అది అయిపోయింది, నిబకడం ఇంకా సాగుతోంది. జుంబిలి మగమనిషి అయ్యే అవకాశం ఉందా? లేదు, ఉంటే "నిబుకుతున్నాడు" అనేవాళ్ళం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. "దిరికి" అన్న రూపం నుంచి మూలధాతువు "దిరుకు" అని మీకెలా తెలిసింది? నేను చెప్పలేదు. "దిరకడం" అన్న రూపాన్ని నేను పై పేరాలో వాడినప్పుడు మీరు ఉలిక్కిపడనూ లేదు. అడుగు, అడిగి, అడగడం; కలుపు, కలిపి, కలపడం అనే వరస మీ నోటిలో ఉంది. మధ్యనున్న ఉకారం తర్వాతి అచ్చును అనుసరించి ఇకారంగానో అకారంగానో మారుతుందన్న సూత్రం బడిలో నేర్చుకుని వాడేవాళ్ళు ఎంతమంది? అక్షరం ముక్క రాని మనిషి కూడా ఈ సూత్రాన్ని తప్పడు. లేని క్రియకు సైతం తప్పడు.

జుంబిలికి బహువచనం మాత్రం అంత తేలిక కాదు. వాకిలి, లోగిలి వరసలో పెడితే జుంబిళ్ళు. పులి వరసలో పెడితే జుంబిలులు. మీ ఇంట్లో నలుగురిని అడిగితే రెండు జవాబులూ రావచ్చు. ఏదీ తప్పు కాదు. నమూనాగా ఏ మాటను తీసుకున్నారో అదొక్కటే తేడా.

ఇదే పద్ధతిని అమెరికాలో జీన్ బెర్కో చిన్నపిల్లల మీద ప్రయోగించి 1958లో ఫలితాలు ప్రచురించింది. పిట్టలాంటి ఒక బొమ్మ చూపించి దానికి 'వగ్' అని పేరు పెట్టి, ఇంకో బొమ్మ కూడా వచ్చి చేరింది, ఇప్పుడు ఇవి ఏమిటని అడిగేది. నాలుగు నుంచి ఏడేళ్ళ పిల్లలు ఆ మాటను ముందు వినే అవకాశమే లేదు. అయినా చాలామంది సరైన బహువచనం చెప్పారు. పిల్లలు పెద్దవాళ్ళు అన్న మాటలనే చిలకల్లా తిరిగి అంటారన్న వాదానికి ఆ చిన్న బొమ్మ గట్టి దెబ్బ కొట్టింది. అర్థం లేని మాట కాబట్టే అది సాధ్యమైంది. ఉన్న మాట ఇచ్చి ఉంటే పిల్లవాడికి నియమం తెలుసో మాటే గుర్తుందో తేల్చడం కుదిరేది కాదు.

పచ్చటి ఊహల కథ

ఇక 1957. నోమ్ చామ్‌స్కీ 'సింటాక్టిక్ స్ట్రక్చర్స్' అనే చిన్న పుస్తకం హేగ్ నగరంలో అచ్చయింది. రంగు లేని పచ్చటి ఊహలు ఆవేశంగా నిద్రపోతున్నాయని అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం అందులోదే. దాని పక్కనే అవే మాటలను తలకిందులుగా పేర్చిన ఇంకో వాక్యం ఉంది. రెండూ అర్థం లేనివే. అయినా ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు మొదటిదాన్ని వ్యాకరణబద్ధమని, రెండోదాన్ని కాదని గుర్తిస్తారు. కాబట్టి వ్యాకరణబద్ధత అంటే అర్థవంతంగా ఉండడం కాదు. పైగా రెండు వాక్యాలూ అంతకు ముందు ఎవరూ వాడినవి కావు. వాడుకలో ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్కతో వ్యాకరణం కట్టేవాళ్ళు రెండింటినీ ఒకే గాట కట్టాల్సి వస్తుందని చామ్‌స్కీ ముగించాడు.

ఈ ఆలోచన అతనొక్కడిదే అనుకోకండి. ఫ్రెంచి భాషావేత్త లూసియాఁ తెనియేర్ 1954లో చనిపోయాడు. అతని పెద్ద గ్రంథం 1959లో వెలువడింది. ఆకుపచ్చ దీపం దారి ఖాళీగా ఉందని తెలుపుతోందన్న మామూలు వాక్యం తీసుకుని, ప్రతి ముఖ్యమైన మాటకూ బదులు నిఘంటువులో దాని దగ్గరగా వచ్చే మరో మాటను అతను పెట్టాడు. వెన్నెముక మౌనం చట్టబద్ధమైన తెరచాపకు నలత చేస్తోందన్నట్టుగా తయారైంది. వాక్య నిర్మాణం చెక్కు చెదరలేదు. అంతకు ముందే జర్మన్ భాషలో రాసిన తాత్త్వికుడు కార్నప్ 1934లో ఇటువంటి వాక్యం ఒకటి తయారుచేశాడు. అంటే ఈ గాలి చాలా చోట్ల వీస్తోంది. చామ్‌స్కీ వాక్యానికి పేరు రావడానికి దాని వింత అందం కూడా ఒక కారణం.

నైయాయికుల పరిభాషలో చెప్పాలంటే మొదటి వాక్యానికి ఆకాంక్షా సన్నిధీ ఉన్నాయి, యోగ్యత లేదు. తలకిందులైనదానికి ఆకాంక్ష కూడా లేదు. విద్యార్థులు పరీక్షల్లో "చామ్‌స్కీ చెప్పింది మనవాళ్ళు ముందే చెప్పారు" అని రాస్తుంటారు. అలా రాయకండి. నైయాయికుడు అడిగినది ప్రమాణమైన జ్ఞానం ఎలా కలుగుతుందని. చామ్‌స్కీ అడిగినది మాట్లాడేవాడి బుద్ధిలో ఉన్న నియమాల స్వరూపం ఏమిటని. ఉదాహరణలు కలిసినంత మాత్రాన ప్రశ్నలు ఒకటి కావు.

చామ్‌స్కీ వాక్యానికి నిజంగా అర్థం లేదా అన్న వివాదం వెంటనే లేచింది. 1959లో రోమన్ యాకబ్‌సన్ నాగేశుడి దారికి దగ్గరగా వచ్చే వాదన చేశాడు. అటువంటి ఊహలు ఉన్నాయా అని అడగవచ్చు, లేవని జవాబు చెప్పవచ్చు. ఖండించగలిగే వాక్యానికి అర్థం లేదనడం కుదరదన్నాడు. కవులు ఊరుకుంటారా? జాన్ హాలండర్ ఆ వాక్యాన్ని తన కవితలో కలిపేశాడు. దానికి అర్థం వచ్చే సందర్భం కల్పించమని 1985లో స్టాన్‌ఫర్డులో పోటీయే పెట్టారు. తెలుగులో మనకింకా సులువు. పక్వానికి రాని ఊహలను "పచ్చి ఊహలు" అనే అంటాం.

లెక్కల విషయంలో మాత్రం చామ్‌స్కీ తొందరపడ్డాడని నా అభిప్రాయం. 2000లో ఫెర్నాండో పెరీరా వార్తాపత్రికల భాష మీద ఒక గణాంక నమూనాను తయారుచేశాడు. అది మాటలను విడివిడిగా లెక్కపెట్టకుండా వాటిని వర్గాలుగా కూర్చుకుంటుంది. ఆ నమూనా ప్రకారం మొదటి వాక్యం వచ్చే అవకాశం రెండోదానికన్నా దాదాపు 2 లక్షల రెట్లు ఎక్కువ. రెండూ ఒక్కసారీ వాడుకలో లేకపోయినా లెక్క వాటిని వేరుచేయగలిగింది. వ్యాకరణం వేరు, అర్థం వేరు అన్న మాట దీనివల్ల కూలిపోదు. లెక్కలతో వ్యాకరణం అందదన్న మాట మాత్రం కొంత కూలింది.

తెలుగు విద్యార్థులు ఈ ఉదాహరణను అనువాదం చేసి వాడేటప్పుడు ఒక చిక్కు గమనించరు. ఇంగ్లీషు వాక్యాన్ని తలకిందులు చేస్తే అది విరిగిపోతుంది, ఎందుకంటే అక్కడ మాటల వరసే కర్తా కర్మలను చూపుతుంది. తెలుగులో "ఆవేశంగా నిద్రపోతున్నాయి ఊహలు" అంటే వచన కవితలో పంక్తిలా ఉంటుంది గాని తప్పులా ఉండదు. విశేషణాలు నామవాచకం తర్వాత వేలాడితేనే చెవికి గుచ్చుకుంటుంది. మన వాక్యాన్ని నిజంగా విరవాలంటే మాటల వరస కాదు, ప్రత్యయాల వరస చెరపాలి: "ఊహ గాఆవేశం తున్నాయినిద్రపో లు". ఇంగ్లీషువాళ్ళ వ్యాకరణం వరసలో ఎక్కువగా దాగి ఉంటే మనది మాట చివర దాగి ఉంది. అరువు తెచ్చుకున్న ఉదాహరణలు పాఠాలు చెప్పేవాళ్ళ పని తగ్గిస్తాయి, కాని ఇటువంటి తేడాలను కప్పేస్తాయి. నేనూ చాలా ఏళ్ళు ఆ ఉదాహరణను అలాగే చెప్పాను.

ఆటభాషలు

ఇంతవరకు చూసినవి పండితులు కూర్చుని తయారుచేసినవి. పిల్లలు ఇదే పనిని ధ్వనుల మీద, ఎవరూ నేర్పకుండా చేస్తారు. చామ్‌స్కీ అర్థాన్ని తీసేసి వాక్య నిర్మాణాన్ని బయటపెట్టాడు. పిల్లలు మాటను గుర్తుపట్టకుండా చేసి అక్షర నిర్మాణాన్ని బయటపెడతారు. రెండు చోట్లా పద్ధతి ఒకటే.

రహస్య భాషలు పిల్లలతోనే పుట్టలేదు. వాత్స్యాయనుడి కామసూత్రాల్లోని 64 కళల్లో 'మ్లేచ్ఛిత వికల్పం' ఒకటి. దానికి జయమంగళ వ్యాఖ్య రాసిన యశోధరుడు అక్షరాలను జంటలుగా ఒకదానికొకటి మార్చి మాట్లాడే పద్ధతులను వివరించాడు. ఇంగ్లీషు పిల్లల 'పిగ్ లాటిన్', ఫ్రెంచి యువకుల 'వెర్లాన్' మీరు వినే ఉంటారు. వెర్లాన్ అన్న పేరే తలకిందులన్న ఫ్రెంచి మాటను తిరగేసి చేసినది.

వీటిని భాషావేత్తలు సాక్ష్యంగా వాడడం ఇరవయ్యో శతాబ్దంలో మొదలైంది. చైనా పండితుడు చావ్ యువన్ రెన్ 1931లో ఎనిమిది రకాల చైనా రహస్య భాషలను వర్ణించాడు. అవి అక్షరాన్ని మొదటి హల్లు, మిగిలిన భాగం అని రెండుగా చీలుస్తాయి. చైనా నిఘంటుకారులు ఉచ్చారణ చూపడానికి వాడిన ప్రాచీన పద్ధతిలోనూ ఇదే చీలిక. 1970లో జోయెల్ షెర్జర్ పనామా దేశపు కూనా తెగ పిల్లలు మాటలోని మొదటి అక్షరాన్ని చివరికి తోసి మాట్లాడే ఆటను పరిశీలించాడు. కొన్ని మాటలను వేర్వేరు మనుషులు వేర్వేరుగా విడదీశారు. ఇది అతనికి చికాకు కలిగించలేదు. ఒకే భాష మాట్లాడేవాళ్ళ బుద్ధిలో ఆ మాటల విశ్లేషణే వేరువేరుగా ఉండవచ్చునని చెప్పాడు. హిజాజ్ ప్రాంతపు బెదూయిన్ అరబ్బుల ఆట ఇంకా విచిత్రమైనది. మాటలోని ధాతువు హల్లులు మాత్రమే తారుమారవుతాయి, ప్రత్యయాల హల్లులు కదలవు. అరబిక్ ధాతువు హల్లుల సముదాయమేనన్న వ్యాకరణ సిద్ధాంతానికి జాన్ మెకార్తీ 1981లో దీన్ని సాక్ష్యంగా తీసుకున్నాడు. ఆ ఆట ఆడేవాడు వ్యాకరణం చదివి ధాతువును వేరుచేయలేదు కదా.

'క' భాష ఏం చెబుతుంది?

మా ఊళ్ళో ఆడిన ఆట నియమం చిన్నది. ప్రతి అక్షరానికి ముందు ఒక 'క' చేర్చాలి. "రేపు రా" అంటే "కరే కపు కరా". "నీళ్ళు" అంటే "కనీ కళ్ళు". వేగంగా అంటే పెద్దవాళ్ళు తికమకపడేవాళ్ళు. వేగం లేనివాణ్ణి ఆటలోంచి తీసేసేవాళ్ళం.

"అమ్మ" అన్న మాటకు మేము "కఅ కమ్మ" అనేవాళ్ళం. "కఅమ్ కమ" అని ఎవరూ అనలేదు. ఇందులో పెద్ద సమస్య ఉంది. ఛందస్సు చదివినవాళ్ళు "అమ్మ"ను గురువు, లఘువు అని విడదీస్తారు. ద్విత్వానికి ముందున్న అక్షరం ఎందుకు గురువవుతుంది? మొదటి మకారం ముందున్న అకారానికి అండగా చేరి దాన్ని బరువెక్కిస్తుంది కాబట్టి. అంటే చెవి లెక్కలో ఆ మాట అమ్, మ. లిపి లెక్కలో అ, మ్మ. మా ఆట లిపి పక్షాన నిలిచింది.

మలయాళంలో ఇటువంటిదే 'ప' భాష ఉంది. కె.పి. మోహనన్ 1980లలో మలయాళ ధ్వనుల మీద చేసిన పనిలో దాన్ని సాక్ష్యంగా తీసుకుని, రెండు అచ్చుల మధ్య వచ్చే హల్లులన్నీ ఆ భాషలో తర్వాతి అక్షరానికే చెందుతాయని వాదించాడు. నేను బెత్తం దెబ్బలను తలుచుకున్నది అటువంటి వాదనలు చదువుతూనే. ఆ వాదన వెంట ఒక సందేహం రాక తప్పదు. ఆడేవాళ్ళు ధ్వనులను విడదీస్తున్నారా, లేక కళ్ళముందు కదిలే రాతను విడదీస్తున్నారా?

ఈ సందేహం తీర్చడానికి తెలుగులో ఒక మంచి మాట ఉంది: "పంట". మలయాళ లిపిలో ఇటువంటి మాటల్లోని అనునాసికాన్ని సాధారణంగా తర్వాతి హల్లుతో కలిపి సంయుక్తాక్షరంగా రాస్తారు. తెలుగులో సున్నగా ముందు అక్షరానికి తగిలిస్తాం. పలికేటప్పుడు రెండు చోట్లా నాలుక చేసే పని దాదాపు ఒకటే. మేము "కపం కట" అనేవాళ్ళం. "కప కంట" అనలేదు. "అమ్మ"లో మకారాన్ని వెనక్కి తోసిన మేమే "పంట"లో అనునాసికాన్ని ముందే ఉంచాం. ధ్వని ఒక్కటే కారణమైతే ఈ తేడా ఎందుకు? నాలుగో తరగతి పిల్లలం, గుణింతాలు వచ్చినవాళ్ళం. మా ఆట మా ఉచ్చారణకు ఎంత సాక్ష్యమో మా పలక మీది రాతకూ అంతే సాక్ష్యం. ఒక మనిషి జ్ఞాపకం మీద సిద్ధాంతం కట్టకూడదు కాబట్టి ఇంతకు మించి నేను చెప్పను.

కాని ఈ ప్రశ్న తేలవలసినదే. తెలుగు అక్షరం ధ్వనిలో ఎక్కడ తెగుతుంది అన్నదానికి ఛందస్సు ఒక జవాబు, లిపి ఒక జవాబు ఇస్తున్నాయి. మూడో సాక్షి చదువురాని పిల్లలు. వాళ్ళు బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకునేదాకా మాత్రమే ఆ సాక్ష్యం దొరుకుతుంది. ఈ రోజుల్లో మూడేళ్ళకే పలక చేతికొస్తోంది, ఆ సాక్ష్యం దొరికే కాలం ఏటేటా తగ్గుతోంది. విశ్వవిద్యాలయంలో కూర్చున్న మాలాంటివాళ్ళకు అటువంటి పిల్లలు దొరకరు. ఈ కోర్సు చదివే మీలో అంగన్‌వాడీల్లో పనిచేసేవాళ్ళు, బడిపంతుళ్ళు, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళు చాలామంది ఉంటారు. అందుకే ఈ భాగానికి అభ్యాసంగా ప్రశ్నలకు బదులు ఒక పని ఇస్తున్నాను.

మీ వీధిలో ఆటభాష ఆడే పిల్లలను గమనించండి. వాళ్ళు 'క' బదులు ఇంకే అక్షరం వాడినా దాన్నే వాడండి, మీ ఆట వాళ్ళకు నేర్పకండి. ముందు కాసేపు ఆడనిచ్చి, మాటల మధ్యలో అమ్మ, పంట, పుస్తకం, వచ్చాడు, చంద్రుడు అన్నవి వచ్చేలా చూడండి. కాగితం మీద రాసి చూపించవద్దు. పిల్ల వయసు, తెలుగు అక్షరాలు వచ్చా రావా, వస్తే ఎంతవరకు అన్నది తప్పక రాసుకోండి. ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతూ తెలుగు మాట్లాడగలిగి చదవలేని పిల్లలు, విదేశాల్లో పెరుగుతున్న మన పిల్లలు ఈ పనికి మరీ ముఖ్యం. వాళ్ళకు చదువు వచ్చు గాని సున్న సంగతి తెలియదు. వాళ్ళు "పంట"ను ఎక్కడ విరుస్తారో చూడండి. ఫోనులో రికార్డు చేసేముందు తల్లిదండ్రులను అడగండి. ఒకే పిల్ల ఒకే మాటను రెండు రకాలుగా విడదీస్తే సరిదిద్దకుండా రెండూ రాసుకోండి, ఏది ముందు అన్నదో కూడా.